మోరిస్ కరేమ్ కవితలు: 2048 దాకా ఆగాల్సిందేనా?

ఫ్రాన్స్, బెల్జియం బడుల్లో చిన్న తరగతుల పిల్లలు బెల్జియం ఫ్రెంచ్ కవి మోరిస్ కరేమ్ కవితలు కంఠస్థం చేస్తారు. అదే కవితను టీచరు క్లాసు బ్లాగులో పెడితే మాత్రం కాపీరైట్ చిక్కు వస్తుంది. కవి 1978లో పోయారు. అక్కడి చట్టం ప్రకారం ఇంకో 70 ఏళ్లు, అంటే 2048 చివరిదాకా హక్కులుంటాయి. గొడవ రాజుకున్న ప్రతిసారీ చర్చ ఈ లెక్క దగ్గరే ఆగిపోతోంది. అసలు చూడాల్సింది 1930ల తొలి సంవత్సరాలను.

అప్పటికి కరేమ్ బ్రస్సెల్స్ పక్కనున్న ఆండర్లెక్ట్‌లో బడిపంతులు. 1918 నుంచీ అదే ఉద్యోగం. యంత్రాలనూ వేగాన్నీ కీర్తించే ఫ్యూచరిజం, కలల తర్కాన్ని నమ్ముకున్న సర్రియలిజం గాలి ఆయనకూ గట్టిగానే సోకింది. 1932 నాటి సంపుటి పేరులోనే ప్రొపెల్లర్లు ఉంటాయి. ఆ రోజుల్లోనే తన రాత మీద తనకే నమ్మకం సడలింది. అదే సమయంలో పిల్లలు సొంతంగా రాసిన కవితలు ఆయన కంటపడ్డాయి. అంతే, ఆర్భాటమంతా వదిలేసి తేలిక మాటల వైపు తిరిగారు. 1935లో అమ్మ మీద రాసిన ‘మేర్’ వచ్చింది. 1943లో ఉద్యోగం మానేసి పూర్తిగా రాతకే అంకితమయ్యారు. 1960లో ఫ్రెంచ్ సంగీతకర్త పులాంక్ ఆయన కవితలు ఏడింటికి బాణీలు కట్టేంతగా ఆ సరళత పేరు తెచ్చుకుంది.

హక్కులు అడిగేవాళ్లది అన్యాయమని అనలేం. 1975లో, కవి బతికుండగానే, ఆయన పేరిట ఫౌండేషన్ ఏర్పడింది. ఆండర్లెక్ట్‌లో ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అలాంటివి నడపాలంటే డబ్బు కావాలి.

అయితే టీచర్ల మాటలో బలం ఎక్కువ. పాఠ్యపుస్తకం అమ్ముకునే ప్రచురణకర్తను అడిగినట్టే, పైసా లాభం లేని క్లాసు పేజీనీ అడగడమేమిటి? పైగా చిన్న ముక్కే వాడుకోమంటే కవితలో ఏం మిగులుతుంది? ఎనిమిది పాదాల కవితను మొత్తంగానే చదవాలి. 2019 నాటి యూరోపియన్ డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన కాపీరైట్ ఆదేశం) బోధన కోసం డిజిటల్ వాడకానికి దారి ఇచ్చింది కానీ, బడి బయట అది పాస్‌వర్డ్ ఉన్న చోటే, ఆ బడి పిల్లలకూ టీచర్లకే. పక్క ఊరి టీచరుకు అది కనబడదు. పిల్లల రాత చదివి మారిన కవి విషయంలో ఈ తలుపు మూసి ఉండటం నాకు బాధగా ఉంది. దీనికి చట్టం మార్చాల్సిన పని కూడా లేదు. బడి పేజీలకు ఉచిత అనుమతి ఉందని హక్కుదారులు ఒక్కసారి రాసిస్తే సరిపోతుంది.