ఉత్తరాలు ఉండేది ప్రోగ్రాములో కాదు: బ్రౌజరు, మెయిలు అప్‌గ్రేడ్‌పై అపోహలు - వాస్తవాలు

గుంటూరు అరండల్‌పేటలో కంప్యూటర్ సర్వీసు పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆడిటర్ల ఆఫీసులు, మిర్చి కమీషన్ కొట్లు, ఎగుమతిదారులు, ప్రింటింగ్ ప్రెస్సులు నా ఖాతాదారులు. వీళ్లలో ఎక్కువమంది బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్, మెయిలుకు థండర్‌బర్డ్ వాడతారు. బ్రౌజరు, మెయిలు రెండూ ఒకే ప్రోగ్రాములో ఉండే సీమంకీని వదలని పెద్దలు కూడా కొందరున్నారు. "కొత్త వెర్షన్ వేద్దామండీ" అనగానే అందరి ముఖాల్లో ఒకే భయం. వాళ్లు దేనికి భయపడుతున్నారో దానివల్ల నష్టం రాదు. నష్టం వచ్చే పనిని మాత్రం ఏ జంకూ లేకుండా చేసేస్తున్నారు. రెండింటినీ నా కళ్లతో చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: కొత్త వెర్షన్ వేస్తే పాత మెయిళ్లు పోతాయి.

మిర్చి సీజను మంచి ఊపు మీదున్న మార్చి నెలలో ఒక ఎగుమతిదారు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మెయిళ్లన్నీ పోయాయి, ఉన్నపళంగా రమ్మన్నారు. ఆ ఆఫీసులో అడుగుపెడితేనే ఘాటు ముక్కుకు తగులుతుంది. సీపీయూ మూత తీస్తే ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి పేరుకుని ఉంటుంది. వెళ్లి చూస్తే థండర్‌బర్డ్ కొత్తగా కొన్నదానిలా తెరుచుకుని, మీ పేరేమిటి, మీ మెయిలు అడ్రసేమిటి అని అడుగుతోంది. గుమస్తా ముందురోజు సాయంత్రం కొత్త వెర్షన్ దించి వేశాడట. అతని చేతులు వణుకుతున్నాయి. యజమాని పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నారు: "బాబూ, ఒక కంటైనరు మీద పేచీ నడుస్తోంది. సరుకులో తేమ ఎక్కువుందని వాళ్లంటున్నారు. నమూనా చూసి బాగుందని వాళ్లే రాసిన ఉత్తరం అందులో ఉంది. నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే."

"కంగారు పడకండి బాబాయి గారూ" అని కూర్చున్నాను. విండోస్ కీ, ఆర్ అక్షరం కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొట్టాను. తెరుచుకున్న చోట థండర్‌బర్డ్ ఫోల్డరు, అందులో ప్రొఫైల్స్. లోపల రెండు ఫోల్డర్లున్నాయి. ఒకటి ముందురోజు పుట్టింది. రెండోది ఏళ్ల కిందటిది. ఆ పాతదానిలో మెయిల్ అనే ఫోల్డరు తెరిస్తే, పేరు చివర చుక్క గానీ పొడి అక్షరాలు గానీ లేని "ఇన్‌బాక్స్" అనే ఒకే ఒక్క ఫైలు, ఆరు జీబీల పైచిలుకు బరువుతో కూర్చుని ఉంది. పక్కనే అదే పేరుతో ఎంఎస్ఎఫ్ అనే చిన్న ఫైలు. ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి ఉండే చిట్టా ఆ పెద్ద ఫైలు. ఏ ఉత్తరం ఎక్కడుందో చెప్పే సూచిక ఆ చిన్నది. సూచిక పాడైనా, చెరిపేసినా ప్రోగ్రాము మళ్లీ తయారు చేసుకుంటుంది. చిట్టా మాత్రం ఒక్కటే.

వాస్తవం ఇదే. థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాము ఒకచోట ఉంటుంది, మీ ఉత్తరాలు, చిరునామాలు, సెట్టింగులు ప్రొఫైల్ ఫోల్డరు అనే మరోచోట ఉంటాయి. అప్‌గ్రేడ్ తాకేది మొదటిదాన్ని. మరి ఆ ఆఫీసులో ఖాళీగా ఎందుకు కనిపించింది? అప్పటిదాకా ఉన్నది 32 బిట్ ప్రోగ్రాము, గుమస్తా వేసింది 64 బిట్. అది వేరే ఫోల్డరులో కూర్చుంది. 2019 మేలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 నుంచి, వేర్వేరు చోట్ల వేసిన ప్రోగ్రాములకు వేర్వేరు ప్రొఫైళ్లు కేటాయించే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత థండర్‌బర్డ్ కూడా అదే దారి పట్టింది. కొత్త ప్రోగ్రాము తనకో కొత్త ప్రొఫైలు తెరుచుకుంది, పాతది చెక్కుచెదరకుండా పక్కనే ఉండిపోయింది. సహాయం మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం పేజీ తెరిచి, అక్కడి నుంచి ప్రొఫైళ్ల జాబితాకు వెళ్లి, పాతదాన్ని డిఫాల్టుగా పెట్టి, ప్రోగ్రాము మూసి తెరిచాను. ఎడమవైపు ఫోల్డర్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే గుమస్తా లెక్కపెట్టుకున్నాడు. పెద్దాయన ఆ ఉత్తరాన్ని వెతికించి, అక్కడికక్కడే రెండు ప్రింట్లు తీయించి, ఒకటి బీరువాలో పెట్టించారు.

ఖాళీ తెర చూసిన కంగారులో ఎవరైనా ఆ "పాత ఫోల్డరు"ను చెత్త అనుకుని తీసేసి ఉంటే మాత్రం నేను చేయగలిగింది చాలా తక్కువ. కాబట్టి మెయిళ్లు కనిపించని రోజున చేయవలసిన మొదటి పని, ఏమీ తుడిచివేయకపోవడం.

అపోహ: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డి డ్రైవు పెన్‌డ్రైవులోకి ఎక్కించాం, ఇక ధైర్యంగా ఫార్మాట్ కొట్టొచ్చు.

నష్టం జరిగేది ఇక్కడే. బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో వేరే ఎవరో సరిగ్గా ఇలాగే చేసి, విండోస్ కొత్తగా వేసి వెళ్లారు. ఆరేళ్ల మెయిళ్లు పోయాయి. ఖాతాదారులు పంపిన బ్యాలెన్స్ షీట్లు, నోటీసులకు ఇచ్చిన జవాబులు అన్నీ అందులోనే ఉన్నాయి. నన్ను పిలిచేసరికి డిస్కు మీద కొత్త విండోస్, ఆపైన వారం రోజుల పని పడిపోయింది. ఆయన వయసులో పెద్దవారు, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

యాప్‌డేటా అనేది విండోస్‌లో దాచి ఉంచిన ఫోల్డరు. మామూలుగా తెరిస్తే కంటికి కనపడదు. ప్రొఫైలు ఉండేది దానిలోనే. కాబట్టి "అన్నీ కాపీ చేశాం" అనేవారిలో చాలామంది మెయిళ్లను తీయనే తీయరు.

ఆ ఆఫీసు మెయిలు పాప్ పద్ధతిలో నడిచేది. పాప్‌లో ఉత్తరాలు సర్వరు నుంచి మీ కంప్యూటర్లోకి దిగుతాయి. అక్కడ కాపీ ఉంచమని చెప్పకపోతే, మిగిలేది మీ డిస్కు మీదున్న కాపీ ఒక్కటే. ఐమ్యాప్‌లో అయితే అసలు సర్వరులో ఉంటుంది, మీరు చూస్తున్నది దాని ప్రతిబింబం. "మాది జీమెయిలే కదా, అంతా అక్కడే ఉంటుంది" అనేవారు తమ ఖాతా సెట్టింగుల్లో పాప్ అని ఉందో ఐమ్యాప్ అని ఉందో ఒక్కసారి చూసుకోవాలి. ఐమ్యాప్ వాడేవారు కూడా, సర్వరులో చోటు చాలక "లోకల్ ఫోల్డర్స్" కిందికి జరిపిన ఉత్తరాలు ఉంటే, అవి ఆ కంప్యూటరులో మాత్రమే ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

కాపీ తీసే పద్ధతి చెబుతాను. ముందు ప్రోగ్రామును పూర్తిగా మూసేయండి. తెరిచి ఉండగా తీసిన కాపీని నమ్మలేం. ఒక్కో ఫైలును ఏరుకోకుండా ప్రొఫైల్స్ ఫోల్డరు మొత్తాన్ని తీసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో పాస్‌వర్డులు ఒక ఫైలులో, వాటి తాళంచెవి మరో ఫైలులో ఉంటాయి. ఒక్కటే తెచ్చుకుంటే రెండూ వ్యర్థం. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీల ఫైలు దానిలో పట్టదు. పైన చెప్పిన ఆరు జీబీల ఇన్‌బాక్స్ మధ్యలో ఆగిపోతుంది, మిగతా చిన్న ఫైళ్లన్నీ ఎక్కేస్తాయి, మీరు అంతా వచ్చిందనుకుంటారు. డ్రైవు ఎన్‌టీఎఫ్ఎస్‌లో గానీ ఎక్స్‌ఫ్యాట్‌లో గానీ ఉందో లేదో చూసి, చివర్లో రెండు ఫోల్డర్ల సైజులు పక్కపక్కన పెట్టి పోల్చండి. నేను ఇప్పటికీ కాగితం మీద రాసుకుని పోలుస్తాను.

బరువు తగ్గించడానికి కాంపాక్ట్ చేయమని కొందరు సలహా ఇస్తారు. మంచిదే. మీరు చెరిపిన ఉత్తరాలు కాంపాక్ట్ చేసేవరకూ ఆ పెద్ద ఫైలులోనే ఉండిపోతాయి. కానీ ముందు కాపీ, ఆ తర్వాతే కాంపాక్ట్. ఈ వరస మార్చవద్దు.

అపోహ: బాగానే పనిచేస్తోంది, ఎందుకు కదిలించడం?

పాత వెర్షన్ మీ ఆఫీసులో మారకుండా ఉన్నా, దాని చుట్టూ ఉన్నవి మారుతూనే ఉంటాయి. 2022 మే 30 నుంచి వ్యక్తిగత జీమెయిల్ ఖాతాల్లోకి మామూలు పాస్‌వర్డుతో మెయిలు ప్రోగ్రాములు వెళ్లే దారిని గూగుల్ మూసివేసింది. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లన్నీ "పాస్‌వర్డు సరైనదే, అయినా మళ్లీ మళ్లీ అడుగుతోంది" అనే. కొత్త థండర్‌బర్డ్‌లో ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి, ధ్రువీకరణ పద్ధతిని ఓఆత్2 కు మార్చి, గూగుల్ పేజీలో ఒకసారి అనుమతి ఇస్తే సరిపోయింది. ఆ సదుపాయం లేని పాతకాలపు ప్రోగ్రాములు పట్టుకుని కూర్చున్నవారికి ఆ మేలు దక్కలేదు.

అలాగే ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, యాడ్-ఆన్లు (బ్రౌజరుకు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాములు) లాంటివి అసలైనవో కావో సరిచూడటానికి వాడే ఒక మూల సర్టిఫికెట్ గడువు 2025 మార్చి 14న తీరింది. ఫైర్‌ఫాక్స్ 128 కంటే పాతవి, దీర్ఘకాల మద్దతు శాఖలో 115.13 కంటే పాతవి వాడేవారికి యాడ్-ఆన్ల దగ్గర ఇబ్బందులు వస్తాయని మొజిల్లా ముందే హెచ్చరించింది. విండోస్ 7, 8, 8.1 మీద క్రోమ్‌కు 109 చివరిది, ఫైర్‌ఫాక్స్‌కు దీర్ఘకాల మద్దతు శాఖ (ఈఎస్ఆర్) లోని 115 చివరిది. కాబట్టి ఆ కంప్యూటర్లలో "అప్‌డేట్ రావడం లేదు" అంటే బ్రౌజరు పాడైందని అర్థం కాదు. విండోసును మార్చే వేళ వచ్చిందని అర్థం. బ్యాంకు లావాదేవీలు చేసే యంత్రమైతే ఇంకా ఆలస్యం చేయవద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2020లో వచ్చిన 78వ వెర్షన్లలో ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ రెండూ టీఎల్ఎస్ 1.0, 1.1 అనే పాత సురక్షిత సంబంధ పద్ధతులను ఆపేశాయి. అప్‌గ్రేడ్ తర్వాత మీ సొంత డొమైను మెయిలు మాత్రమే కనెక్ట్ కాకపోతే, తప్పు ఎక్కువగా ఆ మెయిలు నడిపేవారి పాత సర్వరులో ఉంటుంది. వాళ్లకు ఫోను చేసి టీఎల్ఎస్ 1.2 పెట్టమని అడగండి. కొత్త వెర్షన్ తీసేయడం మందు కాదు.

అపోహ: డిజిటల్ సంతకానికి పాత బ్రౌజరే ఉండాలి.

ఆడిటర్ల ఆఫీసుల్లో ఇది ఇంకా వినిపిస్తుంది. ఒకప్పుడు నిజమే. జావా ప్లగిన్ మీద ఆధారపడి సంతకం జరిగేది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఆ ప్లగిన్లను ఆపేసింది. ఇప్పుడు జీఎస్టీ పోర్టల్‌కు ఎమ్‌సైనర్, ఆదాయపు పన్ను పోర్టల్‌కు ఎమ్‌బ్రిడ్జ్ అనే చిన్న ప్రోగ్రాములను కంప్యూటర్లో వేసుకుంటే చాలు, కొత్త బ్రౌజరులోనే పని జరుగుతుంది.

అపోహ: కొత్తది నచ్చకపోతే పాతదానికి వెనక్కి వెళ్లిపోవచ్చు.

ముందుకు వెళ్లడం తేలిక, వెనక్కి రావడం కష్టం. కొత్త వెర్షన్ మీ ప్రొఫైలును తెరిచిన క్షణంలోనే కొన్ని ఫైళ్లను తనకు తగ్గట్టు మార్చుకుంటుంది. చిరునామాల పుస్తకం ఎంఏబీ రూపం నుంచి ఎస్‌క్యూలైట్ రూపానికి అలాగే మారింది. పాత ప్రోగ్రాముకు ఆ కొత్త రాత చదవడం రాదు. అందుకే పాత వెర్షన్ తెరవబోతే హెచ్చరిక చూపి, కొత్త ప్రొఫైలు పెట్టుకోమంటుంది. 2023 జూలైలో థండర్‌బర్డ్ 115 తెర రూపాన్ని బాగా మార్చినప్పుడు చాలామంది వెనక్కి వెళ్లాలనుకున్నారు. నేను ఒప్పుకోలేదు. పట్టిక రూపం, నిలువు అమరిక ఎలా మార్చుకోవాలో పక్కన కూర్చుని చూపించాను. నిజంగా వెనక్కి వెళ్లవలసి వస్తే, అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన కాపీతోనే వెళ్లాలి.

అపోహ: అప్‌గ్రేడ్ వల్ల తెలుగు అక్షరాలు పాడయ్యాయి.

ఇది ప్రెస్సుల వాళ్ల ఫిర్యాదు. పెళ్లికార్డు మేటరు మెయిలులో వస్తే, తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కనిపిస్తాయి. అను లాంటి ఫాంట్లలో టైపు చేసిన మేటరు కంప్యూటరుకు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేనిచోట ఏ వెర్షనైనా ఆ ఇంగ్లీషునే చూపుతుంది. మెయిలులో పెట్టాలంటే, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే యూనికోడులోకి మార్చి పెట్టండి, లేదా పీడీఎఫ్ చేసి జత చేయండి.

ఒకప్పుడు మన దినపత్రికల వెబ్‌సైట్లు కూడా సొంత ఫాంట్లతో ఉండేవి. వాటిని యూనికోడులో చదివించడానికి ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే యాడ్-ఆన్ ఉండేది. తెలుగు చదువరులకు అది చేసిన సేవ చాలా పెద్దది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడ్-ఆన్లన్నిటినీ ఆపేసింది. కాబట్టి యాడ్-ఆన్ల మీద నడిచే పని ఏదైనా ఉంటే, దానికి కొత్త వెర్షన్‌లో జోడు ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఈ ఒక్క విషయంలో మీ భయం సమంజసమే.

అపోహ: సీమంకీ అంటే పాత ఫైర్‌ఫాక్సే.

రెండూ ఒకే ఇంటి బిడ్డలు. నెట్‌స్కేప్ తన ప్రోగ్రాము మూలాన్ని 1998 మార్చిలో అందరికీ తెరిచింది. దాని నుంచి వచ్చిన మొజిల్లా సూట్ 2002 జూన్‌లో 1.0 అయింది. 2004లో ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ విడివిడిగా వచ్చాయి. మరుసటి ఏడాది సూట్‌ను ఇక పెంచబోమని మొజిల్లా చెబితే, స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని అందుకుని 2006 జనవరిలో సీమంకీ 1.0 ఇచ్చారు. ఇందులో బుక్‌మార్కులు, మెయిళ్లు ఒకే ప్రొఫైలులో ఉంటాయి. ఒక్క ఫోల్డరు కాపీ తీస్తే రెండూ వచ్చేస్తాయి. అయితే కొత్త కొత్త వెబ్‌సైట్లు కొన్ని అందులో సరిగా తెరుచుకోవు. మెయిలుకు దాన్నే ఉంచుకుని, పోర్టళ్లకు ఫైర్‌ఫాక్స్ వాడండని మా పెద్దలకు చెబుతాను. పూర్తిగా మారాలనుకుంటే, థండర్‌బర్డ్ దిగుమతి సాధనం సీమంకీ మెయిళ్లను తీసుకుంటుంది.

బుక్‌మార్కుల్లాంటివాటిని మీ కంప్యూటర్లన్నిటిలో ఒకేలా ఉంచే సింక్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదన్న మాట కూడా సరికాదు. ఒక కంప్యూటర్లో బుక్‌మార్కు చెరిపితే, సింక్ దాన్ని అన్నిచోట్లా చెరుపుతుంది. ఇక ఏదో వెబ్‌సైటు మధ్యలో "మీ బ్రౌజరు పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని వస్తే నొక్కవద్దు. సహాయం మెనూలో "ఫైర్‌ఫాక్స్ గురించి" తెరిస్తే, కొత్త వెర్షన్ ఉంటే అదే దించుకుంటుంది.

ఎప్పుడు చేయాలని అడుగుతారు. ఆడిటర్లయితే జీఎస్టీ రిటర్నుల హడావుడి ఉండే 11, 20 తేదీల దగ్గర, జూలై చివర, సెప్టెంబరు చివర వద్దు. మిర్చి వారైతే యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజులు మంచివి. ఆ ఎగుమతిదారు ఆఫీసుకు ఇప్పుడు ఏటా ఆ సెలవుల్లోనే వెళుతున్నాను. ముందు ఫ్యాను రెక్కల మీది పొడి దులుపుతాను, తర్వాత ప్రొఫైలు కాపీ తీసి సైజులు పోలుస్తాను, ఆ తర్వాతే కొత్త వెర్షన్. కాపీ ఉన్న డిస్కును గుమస్తా కవరులో పెట్టి, తేదీ రాసి, బీరువాలో ఆ ప్రింటు పక్కనే ఉంచుతున్నాడు.