పరిహారం నుంచి వాటా దాకా: మానిటోబా ఆనకట్టల వెనుక కథ

కెనడాలోని మానిటోబాలో 2012లో పూర్తయిన వస్క్వాటిమ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 200 మెగావాట్లే. అయినా అది చరిత్రకెక్కింది. ప్రభుత్వ సంస్థ మానిటోబా హైడ్రో ఒక ఆదివాసీ సమాజాన్ని, నిసిచవయాసిక్ క్రీ నేషన్‌ను, విద్యుత్ కేంద్రంలో భాగస్వామిగా చేర్చుకోవడం అదే మొదటిసారి. అడగకుండా దక్కిన గౌరవం మాత్రం కాదు.

1970లలో కరెంటు ఉత్పత్తి కోసం చర్చిల్ నది నీటిని నెల్సన్ నదికి మళ్లించడానికి సదరన్ ఇండియన్ సరస్సు మట్టాన్ని సుమారు 3 మీటర్లు పెంచారు. ఒడ్లు కోసుకుపోయాయి. మునిగిన నేలలోని పాదరసం చేపల్లోకి చేరింది. వైట్‌ఫిష్ వేట మీద బతికే సౌత్ ఇండియన్ లేక్ ఊరికి జీవనాధారం పోయింది. కరెంటు వాడకం పెరిగే చలికాలంలో నెల్సన్ నదిలో ఎక్కువ నీరు వదలడంతో మంచు మీది దారులు కూడా నమ్మదగినవి కాకుండా పోయాయి.

1977లో ఐదు క్రీ సమాజాలతో ఉత్తర వరద ఒప్పందం కుదిరింది. ముంపుకు గురైన ప్రతి ఎకరానికి నాలుగెకరాలు ఇస్తామన్నారు. సౌత్ ఇండియన్ లేక్‌కు అప్పట్లో రిజర్వ్ (ఆదివాసీలకు ప్రభుత్వం కేటాయించిన భూమి) హోదా లేదు కనుక ఆ ఒప్పందంలో చోటు దక్కలేదు. అంతగా నష్టపోయిన ఊరినే పక్కన పెట్టడం కాగితాల లెక్కకే సాధ్యం. అమలు ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. 1990లలో నాలుగు సమాజాలు విడివిడిగా సర్దుబాటు చేసుకున్నాయి. క్రాస్ లేక్‌లోని పిమిచికమాక్ ప్రజలు ఒప్పుకోలేదు. 2014లో హైడ్రోకు చెందిన జెన్‌పెగ్ జలవిద్యుత్ కేంద్రాన్ని ఆక్రమించారు. మరుసటి ఏడాది మానిటోబా ప్రభుత్వాధినేత (ప్రీమియర్) గ్రెగ్ సెలింగర్ క్షమాపణ చెప్పారు.

పాత బాకీ ఇలా నడుస్తుండగానే కొత్త ఆనకట్టలకు భాగస్వామ్యం ప్రతిపాదన వచ్చింది. వస్క్వాటిమ్‌లో క్రీ వాటా 33 శాతం దాకా ఉండవచ్చు. ఎత్తు తగ్గించి కట్టడంతో ముంపు అర చదరపు కిలోమీటరు లోపే ఆగింది. ఇది నిజమైన మార్పు. 2022లో పూర్తయిన 695 మెగావాట్ల కీయాస్క్‌లో నాలుగు సమాజాలకు కలిపి 25 శాతం దాకా అవకాశం ఉంది. కానీ స్టర్జన్ చేపలు గుడ్లు పెట్టే గల్ రాపిడ్స్ జలపాతాలు ఆ కేంద్రం కిందకే పోయాయి.

చిక్కంతా డబ్బు దగ్గర. వస్క్వాటిమ్‌లో వాటా సొమ్ములో అధికభాగం హైడ్రో ఇచ్చిన అప్పే. నిర్మాణ వ్యయం అంచనా దాటింది, రాతిపొరల నుంచి తీసే షేల్ గ్యాస్ రాకతో, హైడ్రో కరెంటు అమ్మే అమెరికాలో విద్యుత్ ధర పడిపోయింది, మొదటి ఏళ్లలో నష్టాలే మిగిలాయి. నష్టపరిహారం కోరేవాడికి ఈ బెడద ఉండదు, వాటాదారుకు ఉంటుంది. కీయాస్క్ ఒప్పందంలో మాత్రం లాభనష్టాలు పంచుకునే సాధారణ వాటాలకు బదులు, కనీస రాబడికి పూచీ ఉన్న ప్రాధాన్య వాటాలను ఎంచుకునే వీలు పెట్టారు.