అమెరికా బయటికి పోయింది, మీ కాగితం ఎక్కడికీ పోలేదు: అపోహలు - వాస్తవాలు

2026 జనవరి 27న అమెరికా పారిస్ వాతావరణ ఒప్పందంలోంచి బయటికి పోయింది. అప్పటి నుంచి నా ఫోన్‌కి తీరిక లేదు. "అమ్మాయ్, కార్బన్ ఒప్పందం అమెరికావోళ్లు రద్దు చేసేశారంట కదా, మరి మన డబ్బులో?" అని అయినవిల్లి నుంచి ఒకరు. "మేడమ్, పైపులు పీకెయ్యమంటారా?" అని ముమ్మిడివరం నుంచి ఇంకొకరు. ఒకాయనైతే రాత్రి పదిన్నరకి చేసి, ఇచ్చిన ఆధార్ కాపీ వెనక్కి ఇచ్చేయమన్నారు.

నేను కోనసీమలో ఒక వరి కార్బన్ ప్రాజెక్టుకి ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. మడిలో బెజ్జాల పైపు పాతించడం, నీటి మట్టం ఫొటోలు తీయించడం, సర్వే నంబర్లు సరిచూడటం నా పని. ఆరుతడి అంటే మడిలో ఎప్పుడూ నీళ్లు నిలవ ఉంచకుండా, మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ పెట్టడం. అలా చేస్తే మడిలోంచి వచ్చే మీథేన్, అంటే భూమిని వేడెక్కించే వాయువు, తగ్గుతుంది. ఆ తగ్గినదానికి లెక్క కట్టి ఇచ్చేదే క్రెడిట్, దాన్ని అమ్మిన డబ్బులో రైతుకి వాటా వస్తుంది. అందరికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఒకటుంది, దాని సంగతి ముందు చూద్దాం.

అపోహ: అమెరికా తప్పుకుంది కాబట్టి మనం సంతకం పెట్టిన ఒప్పందం చెల్లదు

ఈ తంటా అంతా "ఒప్పందం" అనే మాటతో వచ్చింది. పారిస్‌లో దేశాలు చేసుకున్నదీ ఒప్పందమే, మీరు రచ్చబండ దగ్గర కూర్చుని సంతకం పెట్టిందీ ఒప్పందమే. టీవీలో కింద "ఒప్పందం నుంచి అమెరికా ఔట్" అని అక్షరాలు పరిగెడితే, మన ఒప్పందమే పోయిందని గుండె గుభేలుమనడంలో వింతేమీ లేదు. భయపడినవాళ్లని నేనేమీ అనను. ఆ భయం మీద బేరం పెట్టేవాళ్లని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

పారిస్ ఒప్పందం 2015 డిసెంబరు 12న కుదిరింది. అది దేశానికీ దేశానికీ మధ్య మాట. కాలుష్యం ఎంత తగ్గిస్తామో ఏ దేశానికా దేశం తనే రాసిస్తుంది. తగ్గించకపోతే జరిమానా కూడా లేదు. బయటికి పోవాలనుకుంటే 28వ అధికరణం ప్రకారం నోటీసు ఇచ్చి ఏడాది ఆగాలి. మన కౌలు చేను ఖాళీ చెయ్యమనడం లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ నోటీసు కాగితం మీద ఉంటుంది. అమెరికా ఇలా పోవడం ఇది రెండోసారి. 2017 జూన్‌లో ట్రంప్ ప్రకటించారు, 2019 నవంబరు 4న నోటీసు ఇచ్చారు, 2020 నవంబరు 4న బయటపడ్డారు. బైడెన్ వచ్చాక 2021 ఫిబ్రవరి 19న మళ్లీ చేరారు. అంటే అప్పుడు బయట ఉన్నది మూడున్నర నెలలు. ఈసారి నోటీసు 2025 జనవరి 27న అందింది, సరిగ్గా ఏడాదికి, 2026 జనవరి 27న, అమల్లోకి వచ్చింది. మన దేశం మాత్రం 2016 అక్టోబరు 2న ఆమోదం తెలిపి అప్పటి నుంచీ లోపలే ఉంది.

ఇక మీ కాగితం. అందులో ఒక పక్క మీరు, ఇంకో పక్క ప్రాజెక్టు నడిపే సంస్థ. అమెరికా ప్రభుత్వం సంతకం దాంట్లో ఎక్కడా లేదు, ఇంటికెళ్లి తీసి చూసుకోండి. ఇలాంటి ప్రాజెక్టుల క్రెడిట్లకి లెక్క కట్టి నమోదు చేసేవి వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి సంస్థలు. వెర్రా ఆఫీసు వాషింగ్టన్‌లో ఉంది కాబట్టి అదీ ప్రభుత్వానిదేనని కొందరు అనుకుంటున్నారు. కాదు, లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. ఆ క్రెడిట్లని స్వచ్ఛందంగా కొనేవి కంపెనీలు. వాటిలో అమెరికా కంపెనీలూ ఉన్నాయి, వాళ్ల ప్రభుత్వం బయటికి పోయినంత మాత్రాన కొనకూడదనే రూలేమీ రాలేదు.

అసలు ఏ ప్రభావమూ ఉండదని మాత్రం నేను చెప్పను. కొనేవాళ్ల ఉత్సాహం తగ్గితే క్రెడిట్ రేటు తగ్గొచ్చు. మన వాటా కూడా తగ్గొచ్చు. అయినా రేటు తగ్గడం వేరు, కాగితం చెల్లకపోవడం వేరు. ధాన్యం రేటు పడిందని పట్టాదారు పాసుపుస్తకం రద్దయిపోదు కదండీ.

2025 జనవరిలో నోటీసు వార్త వచ్చినప్పుడు జరిగింది చెప్తాను. ఒక ఊళ్లోకి ఇద్దరు కుర్రాళ్లు ట్యాబ్‌లు పట్టుకుని వచ్చారు. "పాత స్కీము అమెరికాతో పాటే పోయింది, ఇది యూరప్‌వోళ్లది, మళ్లీ నమోదు చేసుకోవాలి" అన్నారు. ఆధార్, పాసుపుస్తకం కాపీ, ఓటీపీ, దానికి తోడు మనిషికి మూడొందలు. నలభై మందికి పైగా సంతకాలు పెట్టారు. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ వార్త మన పొలం దాకా వస్తుందని నాకే తట్టలేదు, ఆ తప్పు నాది.

పంట కోతలయ్యాక రికార్డులు తనిఖీకి వెళ్లాయి. అవే సర్వే నంబర్లు రెండు ప్రాజెక్టుల్లో కనిపించాయి. ఒకే మడి తగ్గించిన మీథేన్‌ని ఇద్దరికి అమ్మడం కుదరదు కాబట్టి ఆ నంబర్లన్నీ పక్కన పెట్టేశారు. వాళ్లలో ఒక కౌలు రైతు ఉంది, నేను అక్కా అని పిలుస్తాను. సీజనంతా తెల్లారకముందే గట్టు మీదికి వెళ్లి, టార్చి వెలుగులో పైపులో స్కేలు పెట్టి కొలిచిన మనిషి. ఒక్క ఫొటో కూడా తప్పలేదు. ఆవిడకి ఒక్క రూపాయి రాలేదు. ఆవిడ అసలు రెండో కాగితం మీద సంతకమే పెట్టలేదు. భూమి యజమాని హైదరాబాదులో ఉండి, ఫోన్లో ఓటీపీ చెప్పేశాడు.

అందుకే ఇప్పుడు ప్రతి మీటింగులో ఇదే మాట: "పాతది రద్దయింది" అని ఎవరైనా వస్తే, రద్దు చేస్తూ మన సంస్థ ఇచ్చిన లెటరు చూపించమనండి. ఓటీపీ చెప్పకండి. రైతు దగ్గర నమోదు ఫీజు అడిగితే అక్కడితో మాటలు ఆపేయండి. కౌలుకి చేసేవాళ్లు యజమానికి ఇవాళే ఒక ఫోన్ చెయ్యండి. ఇప్పటికే రెండో చోట సంతకం పెట్టినవాళ్లు సిగ్గుపడి దాచొద్దు. కోతలకి ముందే చెప్తే ఒక చోట రాతపూర్వకంగా వదులుకోవచ్చు, తనిఖీ అయ్యాక నా చేతిలో ఏమీ ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: అమెరికా ఒప్పందంలోంచి పోయినందుకే రొయ్య రేటు పడింది

పారిస్ ఒప్పందంలో రొయ్య ఊసే లేదు. మన సరుకు మీద 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచింది, అది వాణిజ్యం గొడవ. రెండూ ఒకే మనిషి చేశాడు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటున్నారు.

అపోహ: ఇక తుపాను హెచ్చరికలు రావు

వస్తాయి. మనకి హెచ్చరిక ఇచ్చేది మన వాతావరణ శాఖ. 1996 కోనసీమ తుపాను చూసినవాళ్లు ఈ భయం పడటం నాకు అర్థమవుతుంది. మా నాన్న ఇప్పటికీ నవంబరు వస్తే రేడియో దగ్గర పెట్టుకునే పడుకుంటారు.

అపోహ: ఇప్పుడు అంతర్వేది మునగడం ఖాయం

సముద్రం మట్టం పెరగడం నిజం, దానికి అమెరికా పొగ కూడా కారణమే. అయితే అంతర్వేది, ఉప్పాడ తీరాలు కోసుకుపోవడం పారిస్ ఒప్పందం కంటే ముందు నుంచీ ఉంది. డెల్టా అంచుని నిలబెట్టేది గోదారి తెచ్చే ఒండ్రు. ధవళేశ్వరం దగ్గర 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు కొలిచారు, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. దీని గురించి టీవీలో అక్షరాలు పరిగెత్తగా నేను చూడలేదు.

అపోహ: డబ్బుల సంగతి తేలేదాకా మడి నిండా నీళ్లు పెట్టేస్తే మేలు

దీని మీద నాకు చిరాకెక్కువ. ఆరుతడి అమెరికా కోసం చేసేది కాదు. దాళ్వాలో, అంటే రబీ వరికి, వంతులవారీ నీళ్లు మొదలైతే, శివారు ఆయకట్టుకి బోదెలో నీరు అందని రోజున ఎలాగూ మడి ఆరుతుంది. పైపులో నీరు నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు పైన 5 సెంటీమీటర్లు పెడితే దిగుబడి తగ్గదు. చిరుపొట్ట దాటి ఈనిక, అంటే కంకి బయటికొచ్చే దశ, దగ్గర పడితే మాత్రం ఆరబెట్టకూడదు. కాట్రేనికోన, ఉప్పలగుప్తం వైపు ఉప్పు తేలే నేలల్లో అసలు చెయ్యొద్దు, ఆరితే ఉప్పు పైకొస్తుంది. ఆ మడులని నేనే జాబితాలోంచి తీసేశాను, తిట్లు కూడా తిన్నాను.

డబ్బుల ఆశ గురించి కూడా ఒక మాట. ఎకరాకి వచ్చేది యూరియా ఖర్చు గట్టెక్కిస్తే గొప్ప. "కార్బన్‌తో లక్షలు" అని ఎవరైనా అంటే వాళ్ల కారు ఎవరి డబ్బుతో వచ్చిందో అడగండి.

ఇది రాస్తుండగానే మామిడికుదురు నుంచి ఒక బాబాయి గారు చేశారు.

"అమ్మాయ్, అమెరికా సంగతి తేలిందా?"

"పోయిందండీ బాబాయి గారూ."

"ఆయ్. అయితే పైపు తీసెయ్యనా మరి?"

"ఎన్నో రోజు నాటి?"

"ముప్పై ఎనిమిది."

"లోపల నీరెంతుంది?"

కాసేపు చప్పుడు లేదు. గట్టు మీద నడుస్తున్నట్టున్నారు, చెప్పులు బురదలో చప్పుడు చేస్తున్నాయి.

"జానెడు కిందికి దిగిందమ్మా."

"అయితే పైపు ఉంచి, నీళ్లు పెట్టండి."