సీనా చెయ్యి తట్టింది 2025లో, బేరం కుదిరింది 2018లో

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ షోలో గుంథర్ వెనక నుంచి మెడకి చెయ్యి బిగిస్తే, జాన్ సీనా చిన్నగా నవ్వి, చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. అదే అతని ఆఖరి మ్యాచ్. ‘నెవర్ గివప్’ అని టవల్ మీద అచ్చేయించుకుని ఏళ్ల తరబడి తిరిగిన మనిషి అలా వెళ్లిపోయాడు. ఆ కంపెనీలో కథలు నడిపించే ట్రిపుల్ హెచ్ ఆ తర్వాత బయటికి రాగానే హాలంతా గేలి చేసింది. విశాఖలోనూ, మద్దిలపాలెం టీ బడ్డీల నుంచి గాజువాక జిమ్‌ల దాకా, పాత వాదన మళ్లీ రాజుకుంది. రెజ్లింగ్ ఎప్పుడూ లేనంత బాగుందని కుర్రాళ్లు అంటారు, ఎప్పుడో పోయిందని ముప్ఫై దాటినవాళ్లు అంటారు.

బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి విగ్రహం ఉన్న ఊరికి మల్లయోధుల కథ కొత్తగా చెప్పక్కర్లేదు. దారాసింగ్, గ్రేట్ ఖలీ, బడి సంచుల్లో దాచుకున్న ట్రంప్ కార్డులు అందరికీ తెలిసినవే. నిజమా, డ్రామానా అన్న ప్రశ్నా అరిగిపోయింది. ఫలితం ముందే రాసి ఉంటుంది, కానీ పడే దెబ్బ నిజం. ఇరవై అడుగుల చదరం రింగులో ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, పలచటి ఫోమ్, పైన కాన్వాస్ ఉంటాయి, అంతే. పడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదిలేసి, రెండు చేతులూ చాపి వీపు పైభాగం మీద పడాలి. గడ్డం వదిలితే తల వెనక భాగం చెక్కకి తగులుతుంది.

ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2018. ఆ ఏడాది కంపెనీ వారపు టీవీ షో స్మాక్‌డౌన్ ప్రసార హక్కుల్ని ఫాక్స్ సంస్థ ఐదేళ్లకి దాదాపు 100 కోట్ల డాలర్లకి కొంది. రెండో వారపు షో ‘రా’ హక్కులకీ అలాంటి పెద్ద మొత్తమే పలికింది. అదే ఏడాది సౌదీ అరేబియాతో అక్కడ షోలు వేసే పదేళ్ల ఒప్పందం మొదలైంది. అంతకుముందు టీవీ డబ్బు లేదని కాదు. కానీ హాలు నిండినా నిండకపోయినా ఏళ్ల తరబడి లెక్క తప్పని డబ్బు అంత మొత్తంలో చేతికి రావడం అప్పుడే మొదలు.

దానికి నాలుగేళ్ల ముందు సంగతి చూడండి. 2014 రాయల్ రంబుల్‌లో, అంటే గెలిచినవాడికి టైటిల్ మ్యాచ్ దక్కే పోటీలో, బటిస్టాని గెలిపిస్తే జనం ఒప్పుకోలేదు. ఊరూరా డేనియల్ బ్రయన్ పేరే అరిచారు. కంపెనీ కథ మార్చుకుని ఏప్రిల్ 6న, ఏడాదికోసారి జరిగే అతిపెద్ద షో రెజిల్‌మేనియా 30లో ఛాంపియన్ బెల్టు అతనికే ఇచ్చింది. టిక్కెట్టు కొన్నవాడి గొంతుకి అప్పుడు అంత బరువుండేది.

ఆ గొంతు వినిపించేది ఎక్కువగా హౌస్ షోల్లో, అంటే కెమెరాలు లేకుండా చిన్న ఊళ్లలో వేసే షోల్లో. మ్యాచ్ తయారయ్యేది అక్కడే. మొదట హీరో తన సత్తా చూపిస్తాడు. తర్వాత విలన్ దొంగదెబ్బ తీసి పైచేయి సాధిస్తాడు, హీరో నలుగుతాడు. జనం ఇక ఆగలేరనిపించిన క్షణంలో తిరగబడతాడు, ఆ ఊపులోనే ముగింపు. ఇందులో కష్టమైంది ఆ క్షణాన్ని పట్టుకోవడం. ముందే లేస్తే చప్పుడుండదు, ఆలస్యంగా లేస్తే జనం అప్పటికే చల్లారి ఉంటారు. ఒకే జంట శుక్రవారం నుంచి ఆదివారం దాకా అదే మ్యాచ్‌ని మూడు ఊళ్లలో ఆడి, చప్పట్లు రాని పట్లు తీసేసి, సోమవారం టీవీకి తెచ్చేది. ఇప్పుడు ఆ షోలు బాగా తగ్గాయి. ఓర్లాండో శిక్షణ కేంద్రంలో కుర్రాళ్లు పట్లు చక్కగా నేర్చుకుంటున్నారు. ఆ క్షణం దాకా ఆగే నేర్పు మాత్రం ఖాళీ గదిలో అబ్బదు. దానికి తోడు ప్రకటనల విరామం. విరామం వస్తోందని రిఫరీ చెవిలో చెబుతారు, ఒకడు రెండోవాణ్ని తాళ్ల బయటికి విసురుతాడు, తిరిగొచ్చేసరికి మెడపట్టు పట్టుకుని కూర్చుంటారు. రాజుకుంటున్న మ్యాచ్ అక్కడే ఆరిపోతుంది.

2018లో కుదిరిన బేరం బలం 2020లో బయటపడింది. మార్చి నుంచి కోవిడ్ వల్ల హాల్లో ఒక్క మనిషి లేడు. అయినా ఆ ఏడాది ఆదాయం 97 కోట్ల డాలర్లు దాటింది, అప్పటిదాకా కంపెనీ చరిత్రలో అదే అత్యధికం. అదే ఏప్రిల్‌లో పదుల సంఖ్యలో రెజ్లర్లనీ, సిబ్బందినీ తీసేశారు. ప్రేక్షకుడు లేకపోయినా వ్యాపారం నడుస్తుందని ఒకసారి లెక్కల్లో తేలాక, అతని కోసం కథ మార్చే తొందర ఎవరికుంటుంది?

సౌదీ డబ్బు ఏం కోరుకుంటుందో 2019 జూన్ 7న జెడ్డాలో కనిపించింది. 52 ఏళ్ల గోల్డ్‌బర్గ్, 54 ఏళ్ల అండర్‌టేకర్, ఉడికించే ఆరుబయట. గోల్డ్‌బర్గ్ తల రింగు స్తంభానికి కొట్టుకుని రక్తం కారింది, మతి చెదిరింది. ఆ స్థితిలో జాక్‌హామర్‌కి ఎత్తాడు. ఆ పట్టులో ఎదుటివాణ్ని తలకిందులుగా నిటారుగా నిలిపి, తిప్పి వీపు మీద దించాలి. చేతుల్లో సత్తువ లేక నిలపలేకపోయాడు, అండర్‌టేకర్ దాదాపు నెత్తి మీదే పడ్డాడు. పేర్ల కోసం కట్టిన మ్యాచ్ ఇద్దరి మెడల మీదికీ వచ్చింది.

కంపెనీ వైపువాళ్లకీ జవాబుంది. షోలు తగ్గితే ఒంటికి దెబ్బలు తగ్గుతాయంటారు, అది నిజమే. 2024 ఫిబ్రవరిలో, సినిమా నటుడైన పాత రెజ్లర్ రాక్ కోసం కోడీ రోడ్స్‌ని రెజిల్‌మేనియా ప్రధాన మ్యాచ్ నుంచి పక్కన పెడితే జనం తిరగబడి మార్పించారనీ గుర్తుచేస్తారు. ఏడాది తిరిగేసరికి అదే రాక్ టొరంటోలో సీనాని విలన్‌గా మార్చే కథ మొదలుపెట్టి, రెజిల్‌మేనియా 41కి రానేలేదు.

మన దగ్గరికొస్తే, 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో సీనా, సేత్ రోలిన్స్ జోడీగా ఆడారు. అంతకు రెండేళ్ల ముందే, 2021లో, తెలుగు, తమిళ ప్రేక్షకుల కోసం సోనీ టెన్ 4 ఛానల్ వచ్చింది. మార్కెట్ ఇక్కడుందని కంపెనీకి బాగా తెలుసు. అయినా 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ పదేళ్లకి 500 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం ప్రకటించాక, 2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రసారం కూడా అటే పోయింది. మంగళవారం వేకువన 5:30కి, చలికాలమైతే 6:30కి, కేబుల్ టీవీ పెట్టుకుని రా చూసి బడికో డ్యూటీకో వెళ్లిన ఇళ్లలో ఇప్పుడు విడిగా చందా కట్టాలి. 2021 డిసెంబరులో తగ్గించిన ధరల్లో 149 రూపాయల ప్లాన్ ఫోన్‌కీ ట్యాబ్‌కీ మాత్రమే. తాతా మనవడూ కలిసి టీవీలో చూడాలంటే 199 నుంచి మొదలు. పెద్దగా కనిపించని ఈ తేడాతోనే ఒక తరం ఈ ఆట నుంచి తప్పుకుంటోంది.

ఇక సీనా. వెళ్లిపోయేవాడు ఓడి, మిగిలేవాణ్ని నిలబెట్టి వెళ్లడం ఈ వృత్తిలో పాత మర్యాద. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ గుంథర్ అప్పటికే ప్రపంచ టైటిల్ గెలిచినవాడు, జూలైలో గోల్డ్‌బర్గ్‌నీ ఇంటికి పంపినవాడు. ఆ గెలుపు అతనికి కొత్తగా తెచ్చిపెట్టింది తక్కువే. అదే రాత్రి ఓబా ఫెమీ, జేవాన్ ఎవాన్స్, సోల్ రూకా లాంటి కొత్తవాళ్లు అదే రింగులో ఆడారు. సీనాని ఓడించే అవకాశం వాళ్లలో ఒకరికి ఎందుకివ్వలేదన్నదే హాల్లో అరిచినవాళ్లు అడగాల్సిన ప్రశ్న.