నిమిషంన్నర వార్త వెనుక

చిన్నారులకు ఆశీస్సులు.

ముప్పై రెండేళ్లు టీవీ వార్తల్లో ఏం చేశారని మీరు అడిగారు. ఆ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పనిచేసినది దేశమంతా చూసే ఛానల్ కాదు, ఒక ఊరి వార్తలూ దాని చుట్టుపక్కల వార్తలూ మాత్రమే చెప్పే చిన్న ఛానల్. దూరం నుంచి వచ్చిన విలేకరి తన పని ముగించుకుని వెళ్లిపోతాడు. మేము మాత్రం రాత్రి బులెటిన్‌లో ఎవరి గురించి చెప్పామో, మర్నాడు వాళ్లనే బస్సులో పక్క సీట్లో చూసేవాళ్లం. మా జాగ్రత్తలన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

తెర మీద ఒక కథనం నిడివి సుమారు నిమిషంన్నర. దానికోసం కెమెరామన్ అరగంట దృశ్యాలు తీసేవాడు, ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడేవారు. అందులో మేము వాడుకునేది పదిహేను సెకన్ల బైట్, అంటే వాళ్ల మాటల్లోంచి కత్తిరించిన చిన్న ముక్క మాత్రమే. "నాకు వాళ్ల మీద కోపమే, కానీ ఈసారి తప్పు మాదే" అని ఒకాయన అన్నాడనుకోండి. మొదటి సగం దగ్గర కత్తిరిస్తే మాటలన్నీ ఆయనవే, అర్థం మాత్రం మాది అయిపోతుంది. ఎడిటింగ్‌లో అబద్ధం చెప్పడానికి కొత్త మాట ఒక్కటి కూడా చేర్చనక్కరలేదు. అందుకే తెర మీద చూపించిన దానికి ఎంత బాధ్యులమో, తీసేసిన దానికీ అంతే బాధ్యులమని నేను గట్టిగా నమ్ముతాను.

నేను చేరిన కొత్తలో కెమెరా ఒకరి భుజం మీద, టేపు తిరిగే రికార్డర్ మరొకరి భుజం మీద ఉండేవి. ఇద్దరూ ఒకే కేబుల్‌కు కట్టుబడి కలిసి పరుగెత్తాల్సి వచ్చేది. 1982లో సోనీ తెచ్చిన బీటాక్యామ్ ఆ రెండింటినీ ఒకే పరికరంగా చేసింది. అయినా కెమెరాలో పట్టే చిన్న క్యాసెట్ సుమారు అరగంటే నడిచేది కనుక, బటన్ నొక్కే ముందు ఆలోచించేవాళ్లం. ఎడిటింగ్ అంటే ఒక టేపు మీది దృశ్యాలను వరుసగా మరో టేపు మీదికి ఎక్కించడమే. మధ్యలో ఒక దృశ్యం నిడివి మార్చాలంటే ఆ తర్వాతి భాగమంతా మళ్లీ ఎక్కించాలి. కంప్యూటర్లు వచ్చాక ఆ కష్టం తీరింది.

యాంకర్ ప్రశ్న అడిగాక విలేకరి ఒక క్షణం మౌనంగా నిలబడటం మీరు చూసే ఉంటారు. వాళ్ల మాటలను చేరవేసే ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అక్కడికి వెళ్లి కిందికి దిగేసరికి పావు సెకను పడుతుంది. మధ్యలోని యంత్రాలు ఇంకొంత ఆలస్యం కలుపుతాయి. ఆ విలేకరికి జవాబు తెలియక కాదు, ప్రశ్న ఇంకా చేరక.

ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. ఒక రాత్రి ప్రమాదం జరిగింది. బులెటిన్‌కు పది నిమిషాల ముందు ఫోన్‌లో ఒకరు చెప్పిన పేరును నేను మృతుల జాబితాలో రాశాను. నిజానికి ఆ అబ్బాయి గాయపడ్డాడు, అంతే. మర్నాడు బులెటిన్ మొదట్లోనే తప్పు సవరించి, క్షమాపణ చెప్పి, వాళ్లింటికి వెళ్లాను. ఆ తల్లి నన్ను తిట్టలేదు. ఆసుపత్రికి చేరేదాకా, రెండు గంటలపాటు, కొడుకు లేడనే అనుకున్నానని మాత్రం చెప్పింది. ఆమె గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆనాటి నుంచి ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ధ్రువీకరించనిదే, ఇంటివాళ్లకు ముందుగా కబురు అందిందని తెలియనిదే, చనిపోయినవారి పేరు నేను బులెటిన్ సిద్ధం చేసే డెస్క్‌కు పంపలేదు. నోటుబుక్కులో ప్రతి పేరు పక్కనా రెండు టిక్కులు పెట్టేవాణ్ణి. ఆ పుస్తకాలన్నీ బీరువాలో ఉన్నాయి; సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను.

మీ తాతయ్య