లంకలో ఉండేవాళ్ళకి మళ్ళీ లంకలెందుకు

చిన్నీ, బుజ్జీ,

మీరిద్దరూ కలిసి రాసిన ఉత్తరం మంగళవారం అందింది. "అమ్మమ్మా, మీరుండేదే గోదారి లంకలో కదా, మళ్ళీ లంకలు చూడ్డానికి అమెరికా దాకా వెళ్ళాలా?" అన్న ముక్క పైకి చదివితే తాతగారికి కాఫీ పొలమారింది. ఫోన్లో చెబుదామంటే రెండు నిమిషాలకే "సరే అమ్మమ్మా" అనేసి పెట్టేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇవాళ మనింట్లో కొబ్బరి దింపు. అరుగు మీద కూర్చుని ఓ కన్ను ఉత్తరం మీద, ఓ కన్ను కొబ్బరికాయల రాశి మీద వేసి రాస్తున్నాను. మధ్యలో తెగితే తిట్టుకోకండి.

మేం డిసెంబరులో వెళ్ళింది ఫ్లోరిడా కీస్ అనే దీవులకి. అట్లాసు తీయండి. అమెరికాకి కుడివైపు అడుగున వేలాడుతున్నట్టుండే రాష్ట్రం ఫ్లోరిడా. దాని చివర నుంచి నైరుతి వైపుకి, పూసల దండ తెగి జారినట్టు, వంపు తిరిగిన చుక్కలు కనిపిస్తాయి. అవే. కీ అంటే తాళంచెవి కాదర్రా. స్పెయిన్ వాళ్ళు చిన్న దీవిని 'కాయో' అనేవారు, ఇంగ్లీషు వాళ్ళ నోట్లో పడి అది అలా అరిగిపోయింది. మనకి ఎదుర్లంక, ఊడిమూడిలంక ఉన్నట్టే వాళ్ళకి కీ లార్గో, బిగ్ పైన్ కీ, కీ వెస్ట్.

కర్కాటక రేఖకి కాస్త పైన ఉంటాయి ఇవి. మనం 16 డిగ్రీల చిల్లర దగ్గరుంటే కీ వెస్ట్ 24న్నర. అందుకని కొబ్బరిచెట్లు ఉంటాయి, మామిడి ఉంటుంది, కానీ డిసెంబరులో గాలి మన పుష్యమాసం పొద్దున్నలా హాయిగా ఉంటుంది. కీ వెస్ట్‌లో ఇంతవరకు ఒక్కసారి కూడా మంచు పేరుకోలేదట. ఉత్తరాది నుంచి చలికి తట్టుకోలేని ముసలాళ్ళంతా అక్కడికే చేరతారు. మమ్మల్నీ అదే జాబితాలో వేసుకున్నట్టున్నారు!

మావయ్య తోడు రావాల్సింది, ఆఖరి నిమిషంలో సెలవు దొరకలేదు. తాతగారు ముప్ఫై ఏళ్ళు రాజోలు, అమలాపురం రోడ్ల మీద బస్సు నడిపిన మనిషి. "రోడ్డంటూ ఉంటే చాలు, మనమే పోదాం" అన్నారు. ఇక్కడ బయల్దేరేముందే ఇంటర్నేషనల్ పర్మిట్ తీయించుకుని జేబులో పెట్టుకున్నారు. ఎందుకండీ అంటే "ఉండనీ" అన్నారు. ఇందుకన్నమాట. అక్కడ బళ్ళు రోడ్డుకి కుడివైపున పోతాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. సిగ్నల్ లైటు వేసే పుల్ల కూడా మన కార్లకి తిరగేసి ఉంటుంది. దాంతో మొదటి రోజంతా మలుపు వచ్చినప్పుడల్లా సిగ్నల్ వేయబోయి వైపర్ వేసేవారు. చినుకన్నది లేని ఎండలో, పొడి అద్దం మీద కీచు కీచుమంటూ వైపర్లు! నాకు టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. ఆయన మాత్రం "అద్దం తుడుచుకుంటోంది లే" అని ముందుకి పోనిచ్చారు.

ఆ దీవులన్నిటినీ కలిపేది ఒకటే రోడ్డు. 113 మైళ్ళు, అంటే 180 కిలోమీటర్ల పైచిలుకు. దాని మీద 42 వంతెనలు. మైలుకో చిన్న పచ్చ పలక ఉంటుంది, దాని మీద అంకె తగ్గుతూ పోతుంది. కీ లార్గోలో 106, ఆఖరి ఊరు కీ వెస్ట్‌లో సున్నా. అడ్రసులు కూడా అంతే, "ఎనభై రెండో మైలు, సముద్రం వైపు" అంటారు. సముద్రం వైపు కాకపోతే అఖాతం వైపు, మూడో వైపు లేదు. మనింటికి దారి అడిగినవాళ్ళకి "రావిచెట్టు దాటాక ఏటిగట్టు వైపు" అంటాం చూశారా, అలా.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. మన పెరట్లో గునపం దించితే ఎంత లోతుకి పోయినా మట్టే గానీ రాయి తగలదు. ఎక్కడో నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన గోదారి, దారి పొడుగునా ఒరుసుకొచ్చిన ఒండ్రంతా ధవళేశ్వరం దాటాక ఇక్కడ దించేసింది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య మనం కాపురం ఉంటున్నది ఆ ఒండ్రు మీద. వాళ్ళకి నది లేదు. గునపం వేస్తే ఖంగుమంటుంది. దీవి మొత్తం రాయి, ఆ రాయిని కట్టింది పురుగులంత ప్రాణులు.

నమ్మలేదు కదూ? నేనూ నమ్మలేదు. 85వ మైలు దగ్గర విండ్లీ కీ అనే చోట పాత రాతి గని ఉంది. పూర్వం రైలుదారి కోసం రాయి తవ్విన గొయ్యి, ఇప్పుడు పార్కు. గోడలు మన ఎత్తుకి పైనే, కత్తితో కోవా కోసినట్టు నున్నగా ఉన్నాయి. దగ్గరికెళ్ళి ముక్కు ఆనించినంత పనిచేసి చూస్తే గోడ నిండా అచ్చులు. ఒకచోట మెదడు మడతల్లా, ఇంకోచోట జంతికల గొట్టం బిళ్ళలో నక్షత్రం చిల్లుల్లా. తడిమితే కొబ్బరికోరులా గరుగ్గా ఉంది, ఎండకి వెచ్చబడి ఉంది. అవి పగడాలు. పగడమంటే మెళ్ళో వేసుకునే ఎర్రపూస అనే మీకు తెలుసు. అసలు సంగతేమిటంటే, గోరంతైనా ఉండని మెత్తని ప్రాణి ఒకటి సముద్రపు నీళ్ళలోంచి సున్నం తీసుకుని తన కింద ఇల్లు కట్టుకుంటుంది. అది పోయాక ఆ ఇంటి మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. 1,25,000 ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా ఇరవై అడుగులు ఎత్తున ఉండేది, అప్పుడు ఇదంతా నీళ్ళ అడుగున పగడాల దిబ్బ. తరవాత మంచుయుగం వచ్చింది. భూమ్మీది నీళ్ళు బోలెడు మంచుగా గడ్డకట్టి, సముద్రం కిందికి దిగిపోయింది. దిబ్బ బయటపడింది. ప్రాణులు పోయి ఇళ్ళు మిగిలాయి. ఆ ఇళ్ళ మీదే ఇప్పుడు హోటళ్ళు, పెట్రోలు బంకులు. బిగ్ పైన్ కీ నుంచి అవతలి దీవులు మాత్రం సున్నపు ఇసుక గింజలు గట్టిపడి రాయైనవి.

బతికున్న పగడాలు ఒడ్డుకి కొన్ని మైళ్ళ అవతల ఉన్నాయి. కీ లార్గోలో 1960లోనే సముద్రంలో పార్కు పెట్టారు, అడుగున అద్దమున్న పడవలో తీసుకెళ్ళి చూపిస్తారు. చేపలు బాగున్నాయి. పగడాలే చాలాచోట్ల పాలిపోయి ఉన్నాయి. 2023 వేసవిలో అక్కడ సముద్రం పొయ్యిమీది నీళ్ళలా వేడెక్కితే చాలా తెల్లబడిపోయాయి. తాతగారికి పడవ ఊపుకి కడుపులో తిప్పింది, గోదారి దాటించే పంటు మీద ఇన్నేళ్ళు తిరిగినా!

ఒక్క నిమిషం. దింపతను నీళ్ళడిగితే ఇచ్చొచ్చాను.

నీళ్ళంటే గుర్తొచ్చింది. వాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివనుకున్నారు? ఫ్లోరిడా నేల మీంచి, ఈ దీవులన్నీ దాటుకుంటూ 130 మైళ్ళ పైపు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో నేవీ వేయించింది. అంతకుముందు ఇంటింటికీ వాననీళ్ళ తొట్టెలే. వానపడకపోతే అంతే సంగతులు. గదిలో కుళాయి తిప్పి ఓ గ్లాసు పట్టుకుని మన కాలవలు తలుచుకున్నాను. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే గోదారి మన పక్కనుంచే పోతున్నా మన చేలకి ఎక్కేది కాదు. ఇప్పటికీ రేవులో స్నానానికి సంకల్పం చెప్పే పంతుళ్ళు కొందరు ఆయన పేరు కలుపుతారు.

వాళ్ళకీ ఒక దొర ఉన్నాడు. పేరు ఫ్లాగ్లర్, కిరసనాయిలు వ్యాపారంలో రాక్‌ఫెల్లర్‌కి భాగస్తుడు. సముద్రం మీద రైలు వేస్తానంటే జనం పిచ్చోడన్నారు. 1905లో మొదలుపెట్టి 1912 జనవరి 22న మొదటి రైల్లో తనే కీ వెస్ట్‌లో దిగాడు. అప్పటికి ఆయనకి 82 ఏళ్ళు, చూపు దాదాపు పోయింది. మర్నాటి ఏడు కన్నుమూశాడు. కాటన్ కట్టింది అన్నం పెట్టింది గనక దొరకి దండం పెడతాం. ఫ్లాగ్లర్‌ది డబ్బున్న మనిషి పంతం అనిపించింది నాకు. తాతగారు ఒప్పుకోలేదు. "అంత వంతెన కట్టినోణ్ణి పంతమంటావేంటి" అని అరగంట మాట్లాడలేదు.

ఆ రైలు ఇప్పుడు లేదు. ఎందుకు లేదో 82వ మైలు దగ్గర తెలుస్తుంది. ఇస్లామొరాడా అనే ఊళ్ళో రోడ్డు పక్కనే ఓ స్మారకం ఉంది, 1937లో కట్టింది, అదే పగడపు రాతితో. దాని మీద చెక్కిన బొమ్మలో కొబ్బరిచెట్లు గాలికి ఒంగిపోతున్నాయి, కింద కెరటాలు లేస్తున్నాయి. 1935 సెప్టెంబరు 2 రాత్రి వచ్చిన తుపాను అది. సముద్రం పదిహేడు, పద్ధెనిమిది అడుగులు లేచిందట. రోడ్డు వంతెనలు కట్టే పనికొచ్చి, రేకుల షెడ్లలో, గుడారాల్లో ఉంటున్న పాత సైనికులు వందల్లో ఉన్నారు. వాళ్ళని తీసుకురావడానికి మయామి నుంచి రైలు పంపారు, ఆలస్యంగా పంపారు. ఊళ్ళోకి వచ్చాక ఉప్పెన ఆ పెట్టెలన్నిటినీ పట్టాల మీంచి నెట్టేసింది, బరువైన ఇంజను ఒక్కటే నిలబడింది. నాలుగొందల మందికి పైగా పోయారు. కొందరి చితాభస్మం ఆ స్మారకంలోనే ఉంది.

అక్కడ నేను చాలాసేపు నిలబడ్డాను. మీ అమ్మ మీకు చెప్పిందో లేదో, 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమకి వచ్చింది అలాంటిదే. మా పుట్టిల్లు ముమ్మిడివరం వైపు. వారానికి గానీ నేను అక్కడికి చేరలేకపోయాను. మా నాన్న తోటలో ఒక్క చెట్టూ నిటారుగా లేదు. కొన్ని వేళ్ళతో లేచి పడ్డాయి, కొన్ని నిలబడే ఉన్నాయి గానీ మొవ్వు తెగిపోయింది. మొవ్వు పోతే కొబ్బరిచెట్టు ఇంక చచ్చినట్టే, చిగురు వేయదు. మా నాన్న వాటిని చూడ్డం లేదు, గట్టు మీద కూర్చుని కింద పడ్డ లేత పిందెలు ఏరి ఓ గోనెసంచిలో వేస్తున్నాడు. అవి దేనికీ పనికిరావు. ఎందుకు నాన్నా అని నేను అడగలేదు. భైరవపాలెం వైపు వేటకెళ్ళిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు.

ఆ స్మారకం దగ్గర తాతగారు కూడా కారు తాళం చేతిలో తిప్పడం మానేశారు.

తుపాను కొట్టేసిన రైలుదారిని రైలు కంపెనీ మళ్ళీ వేయలేక అమ్మేసింది. గవర్నమెంటు కొనుక్కుని ఆ వంతెనల మీదే రోడ్డు వేసి 1938లో తెరిచింది. పాత రైలు పట్టాలు పీకి వంతెన అంచున కంచెగా పెట్టారు! బహియా హోండా అనే చోట మరీ విచిత్రం. రైలు వంతెన ఇనుప చట్రాల మధ్య రెండు కార్లు పట్టవు, అందుకని చట్రం నెత్తిన రోడ్డు వేశారు. మన రాజమండ్రిలో 1974 నాటి వంతెన మీద పైన బస్సులు, కింద రైళ్ళు పోవడం మీరు చూశారుగా, తాతగారు చూడగానే "మన బ్రిడ్జీయే" అన్నారు.

అన్నిటికన్నా పెద్దది సెవెన్ మైల్ బ్రిడ్జి. దాదాపు 11 కిలోమీటర్లు. ఇప్పుడున్నది 1982లో కట్టింది, పాతది పక్కనే ఉంది, రాజమండ్రిలో పాత హేవలాక్ వంతెన ఉన్నట్టు. దాని మీద రెండు మైళ్ళ మేర నడవనిస్తారు. కొత్తదాని మీద కారు పోతుంటే అతుకు వచ్చినప్పుడల్లా టక్ మంటుంది. తాతగారు కిటికీ దింపి ఆ చప్పుడు వింటూ నడిపారు. రెండువైపులా నీళ్ళు, ఒకచోట కొత్త ఆకు రంగు, ఒకచోట నెమలిపింఛం రంగు. లోతు తక్కువ గనక అడుగున ఇసుక ఉంటే ఒక రంగు, గడ్డి ఉంటే ఇంకో రంగు. మన గోదారికి వరదలో ఎర్రరంగూ, వేసవిలో నీలిరంగూ తప్ప ఇన్ని వేషాలు తెలియవు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను, కాయలు లెక్కపెట్టే వేళైంది. బిగ్ పైన్ కీలో మేకంత జింకలున్నాయి, భుజం దగ్గర రెండు, రెండున్నర అడుగులు. ఈ దీవుల్లో తప్ప ఆ జాతి ఇంకెక్కడా లేదు. రాత్రిపూట అక్కడ కారు బాగా నెమ్మదిగా పోవాలి. కీ వెస్ట్‌లో పుట్టినవాళ్ళు తమని 'కాంక్' అని చెప్పుకుంటారు, అంటే శంఖం. ఆ శంఖంలోని పురుగుని పకోడీలు వేసుకు తింటారు! పూజగదిలో శంఖం గుర్తొచ్చి నేను ముట్టుకోలేదు. తాతగారు రెండు తిని "మన రొయ్య పకోడీ ముందు దిగదుడుపే" అన్నారు. చిన్న నిమ్మకాయలతో, డబ్బాపాలతో చేసే 'పై' అనే తీపి మాత్రం బాగుంది, పుల్లపుల్లగా. పూర్వం అక్కడ పాడి లేక డబ్బాపాలతోనే చేసుకునేవారట.

కీ వెస్ట్ వీధుల్లో కోళ్ళు యథేచ్ఛగా తిరుగుతాయి. కార్లు ఆగి దారిస్తాయి. వాటిని హింసించకూడదని చట్టం. క్యూబా నుంచి వచ్చినవాళ్ళు ఒకప్పుడు పందేలాడేవారు, అది నిషేధించాక కోళ్ళు రోడ్డున పడ్డాయి. ఓ డేగ పుంజుని చూసి తాతగారు చప్పున ఒంగి కాళ్ళు పరీక్షించబోయారు. నేను చొక్కా పట్టి లాగాను.

చిన్నీ, నువ్వు తెమ్మన్న పగడం ముక్క తేలేదు. అక్కడ తీయడం నేరం. బదులుగా సున్నా మైలు పలక దగ్గర తాతగారి ఫోటో ఉంది, గుడ్లప్పగించి నిలబడ్డారు. పరీక్షలయ్యాక నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కి రండి. ఆటోలో వంతెన చుట్టూ తిరిగి రావద్దు, రేవుకొచ్చి సఖినేటిపల్లి పంటు ఎక్కండి. ఇవతలి ఒడ్డున తాతగారు ఉంటారు. గునపం నేను తీసి ఉంచుతాను.

మీ అమ్మమ్మ