బగ్ హోటల్ కడితే తేనెటీగలు పిల్లల్ని కుడతాయా? అపోహలు - వాస్తవాలు

చిన్నపిల్లలతో తోటల్లో బగ్ హోటళ్లు, అంటే తేనెటీగల్లాంటి పురుగులు గూడు పెట్టుకోడానికి వెదురు గొట్టాలు, కొమ్మలు పేర్చి చేసే చిన్న గూళ్లు, కట్టించడం నా పని. వెదురు ముక్కలు, ఎండు కొమ్మలు బయటికి తీయగానే ఎవరో ఒక అమ్మో నాన్నో నన్ను పక్కకి పిలిచి అడిగేది ఒక్కటే: "తేనెటీగల్ని మనమే పిలిచి పెట్టుకుంటున్నాం కదండీ, పిల్లల్ని కుడితే?" ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, పసిపిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఉంటుంది. కానీ ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూసి సగం కట్టిన హోటల్ పీకేసేవాళ్లని చూస్తే మాత్రం ఓపిక పోతుంది. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: బగ్ హోటల్ పెడితే తేనెపట్టు పడుతుంది, గుంపుగా వచ్చి మీద పడతాయి.

వాస్తవం: పట్టు పెట్టే తేనెటీగ వేరు, మీ వెదురు గొట్టంలో దూరేది వేరు. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఒంటరిగా బతికేవే. వీటికి రాణి ఉండదు, శ్రామిక ఈగలు ఉండవు, దాచుకున్న తేనె ఉండదు. ప్రతి ఆడ ఈగా తన గొట్టం తనే వెతుక్కుని, పుప్పొడి తెచ్చి ముద్ద చేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, అడ్డుగోడ కట్టి, మళ్లీ ఇంకో గది మొదలుపెడుతుంది. పట్టులో ఒక శ్రామిక ఈగ కుట్టి చచ్చిపోయినా పట్టు నిలబడుతుంది. ఒంటరి ఈగ పోతే దాని సంసారం అక్కడితో ఆగిపోయినట్టే, అందుకని అది పోట్లాటకి రాదు, తప్పుకుని పోతుంది. మగ ఈగలకైతే అసలు కుట్టే ముల్లే లేదు, ఆడవాటి కోసం గొట్టాల ముందు గిరగిరా తిరిగి భయపెట్టేవి చాలావరకు అవే.

అసలు కుట్టవా అంటే, గుప్పిట్లో పట్టి నలిపితే, బట్టల్లో ఇరుక్కుంటే ఆడ ఈగ కుట్టొచ్చు. అందుకే పిల్లలకి నేను చెప్పే నియమం ఒక్కటే: దగ్గర కూర్చుని ఎంతసేపైనా చూడొచ్చు, గొట్టంలో వేలు, పుల్ల పెట్టకూడదు. మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా ఇది బాగానే పాటిస్తారు. కుట్టిన చోట నొప్పి, ఎరుపు మామూలే. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లు తూలినా మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంతకుముందే అలర్జీ ఉందని తెలిస్తే మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగండి. హోటల్ చూరు కింద కందిరీగలు గూడు పెడుతున్నాయేమో పెద్దవాళ్లు అప్పుడప్పుడు చూసుకోవాలి, అవి మాత్రం గూడు జోలికెళ్తే ఊరుకోవు.

ఒకసారి ఒక నాలుగేళ్ల బాబు నాయనమ్మ చీర కొంగు వదల్లేదు, ఆవిడా వాణ్ణి వదల్లేదు. ఇంతలో ఒక ఆకుకోత ఈగ వచ్చింది, అదీ ఒంటరి తేనెటీగే. గుండ్రంగా కత్తిరించిన పచ్చటి ఆకు ముక్కని కాళ్లతో పొట్ట కింద చుట్టి పట్టుకుని, గొట్టం మూతి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆకుతో సహా లోపలికి దూరింది. వాడు కొంగు వదిలేసి ముందుకొచ్చాడు. ఆవిడ నాకంటే ముందు అంది, "మా గులాబీ ఆకులకి చిల్లులు పెట్టేది ఇదా! చీడ అనుకుని ఇన్నేళ్లూ మందు కొడుతున్నానే." ఆ గుండ్రటి ముక్కలు ఈగ పిల్లల గదులకి గోడలు, దానివల్ల మొక్కకి పెద్దగా నష్టం లేదు. మందు కొట్టే తోటలో మాత్రం హోటల్ కట్టడం దండగ.

నిజంగా భయపడాల్సింది రంపానికీ డ్రిల్‌కీ. కోయడం, చిల్లులు వేయడం పెద్దవాళ్ల పని, పిల్లలది ఏరడం, పేర్చడం. వెదురు అంచులు గరుకుకాగితంతో రుద్దకుండా చేతికివ్వకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఏది కుక్కినా పురుగులు వస్తాయనేది తప్పు. తేనెటీగలకి కావాల్సింది 3 నుంచి 8 మిల్లీమీటర్ల చిల్లులు, దాదాపు 15 సెంటీమీటర్ల లోతు, వెనక మూసి ఉండాలి. వెదురుని కణుపు పక్కన కోస్తే వెనక మూత దానంతటదే వస్తుంది. లోతు ఎందుకంటే ఈగ ఆడవయ్యే గుడ్లు వెనక, మగవయ్యేవి ముందు పెడుతుంది, గొట్టం పొట్టిదైతే అన్నీ మగవే అయ్యే ప్రమాదం. లోపల పేళ్లు లేచి ఉంటే రెక్కలు చిరుగుతాయి.

దోమలు పెరుగుతాయా? గొట్టాలు నిలువుగా పెట్టి నీళ్లు నిలిస్తే పెరుగుతాయి. అడ్డంగా, మూతి కొంచెం కిందికి వంచి పెట్టండి, పైన చూరు ఉండాలి.

చెదలంటారా, చెక్కని నేలకి ఆనించకండి. నడుమెత్తులో, పొద్దుటెండ తగిలేలా, గాలికి ఊగకుండా బిగించండి.

హోటల్ ఉంటే చాలనుకోకండి, చాలా జాతులు నేలలోనే గూడు పెడతాయి. తోటలో కాస్త మట్టి ఏమీ పరచకుండా వదిలేయండి.

ఒకసారి కట్టి వదిలేయొచ్చన్నది కూడా తప్పే. గొట్టం మూతికి మట్టో ఆకో అడ్డుగా కనిపిస్తే లోపల ఈగ పిల్లలున్నట్టు, ముట్టుకోవద్దు. ఆ మూత కొరుక్కుని అవి బయటికొచ్చాక ఖాళీ గొట్టాలు తీసేసి కొత్తవి పెట్టండి, లేదంటే బూజు, పరాన్నజీవులు చేరి తర్వాత తరాన్ని తినేస్తాయి.